పోచంపల్లి నుంచి గద్వాల దాకా: చేతిపనిని చూసి, కొని, రోజూ వాడుకోవడం ఎలా

చేతిపని అంటే మనలో చాలామందికి రెండే సందర్భాలు గుర్తొస్తాయి. ఒకటి పెళ్ళి, రెండోది ఎగ్జిబిషన్. పెళ్ళికి గద్వాల చీర కొంటారు, ఆ ఒక్కరోజు కట్టి పాత దుప్పట్లో చుట్టి బీరువా పై అరలో పెడతారు, ఇంకో పెళ్ళి దాకా అది బయటికి రాదు. ఎగ్జిబిషన్‌లో మట్టి బొమ్మ ఒకటి కొంటారు, టీవీ పక్కన పెడతారు, దసరా ముందు దుమ్ము తుడుస్తారు. నల్లగొండలోనో పాలమూరులోనో ఉంటూ ఇంతటితో సరిపెట్టుకోవడం నాకైతే అన్యాయం అనిపిస్తుంది, ఎందుకంటే ఇవన్నీ తయారయ్యే ఊళ్ళు మనకు పక్కనే ఉన్నాయి, పొద్దున టిఫిన్ చేసి బయల్దేరితే రాత్రి అన్నానికి ఇంటికి వచ్చేయొచ్చు.

పద్ధతి చాలా సింపుల్. ఒక వస్తువు ఎంచుకోండి, అది తయారయ్యే చోటికి వెళ్ళి చూడండి, రోజూ చేతికి తగిలేది ఒకటే కొనండి, మర్నాటి నుంచే వాడటం మొదలుపెట్టండి. చీరతో మొదలుపెట్టకండి. చీర అనగానే బడ్జెట్ టెన్షన్, రంగు టెన్షన్, అత్తగారికి ఒకటి అమ్మకు ఒకటి అనే టెన్షన్, ఆ గొడవలో మగ్గం చూడటమే మర్చిపోతారు. తువ్వాల, దుప్పటి, దిండు గలీబు, మంచినీళ్ళ రంజన్, వీటిలో ఏదో ఒకటి చాలు.

నల్లగొండ వైపు వాళ్ళకు మొదటి ట్రిప్ ఎటూ పోచంపల్లే. నార్కట్‌పల్లి, చిట్యాల మీదుగా చౌటుప్పల్ దాకా హైవే, అక్కడి నుంచి కుడివైపు తిరిగితే పోచంపల్లి, ఎడమవైపు వెళ్తే సంస్థాన్ నారాయణపురం, పుట్టపాక. రెండూ ఒకేరోజు పెట్టుకుంటే ఏదీ సరిగా చూడలేరు, ఒకటే పెట్టుకోండి. దుప్పట్లు, తువ్వాళ్ళ కోసమే అయితే చౌటుప్పల్ మండలంలోనే ఉన్న కొయ్యలగూడెం ఇంకా మంచిది, కాటన్ ఇకత్ (నేయకముందే దారానికి కట్లు కట్టి రంగులేసే పద్ధతి) దుప్పట్లకు పేరున్న ఊరు, చీరల ఊరు కాదు కాబట్టి ఆ హడావిడీ ఉండదు.

పోచంపల్లి చీరకు 2005లో జీఐ గుర్తింపు (ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చింది, 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఆ ఊరిని ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా ఎంపిక చేసింది. అందుకని శని, ఆదివారాల్లో హైదరాబాద్ కార్లన్నీ అక్కడే ఉంటాయి. మీకు వీలైతే మామూలు రోజు వెళ్ళండి. ముసురు పట్టిన రోజుల్లో వద్దు, నూలు తేమ పీల్చుకుంటుంది, గుంట మగ్గంలో చెమ్మ చేరుతుంది, పని మందగిస్తుంది, వాళ్ళూ చిరాకుగా ఉంటారు. మెయిన్ రోడ్డు మీద షాపుల దగ్గరే ఆగిపోయి అదే పోచంపల్లి అనుకుని వచ్చేసేవాళ్ళు చాలామంది. లోపలి గల్లీల్లో నడవండి. మగ్గం చప్పుడు రోడ్డు మీదికే వినిపిస్తుంది. వినిపించిన ఇంటి గుమ్మం దగ్గర నిలబడి "అన్నా, ఒక్కసారి చూసి పోవచ్చా" అని అడిగితే ఎవరూ కాదనరు. ఇంట్లో పెద్దమ్మ ఎవరైనా ఉంటే "ఆడనే నిలవడ్డవేంది బిడ్డా, లోపటికి రా" అంటుంది.

లోపలికి వెళ్ళాక నేరుగా మగ్గం వైపు చూడకండి. ముందు ఆసు చూడండి. అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు బిగించిన చట్రం అది. దారాన్ని ఒక చివరి నుంచి తెచ్చి ఒక్కో మేకు చుట్టూ తిప్పుతూ వెళ్ళాలి, ఒక్క చీరకు చెయ్యి కొన్ని వేలసార్లు అటూ ఇటూ తిరగాలి. ఈ పని ఎక్కువగా ఆడవాళ్ళదే, భుజాలు అరిగిపోయేవి వాళ్ళవే. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం తన తల్లి లక్ష్మి పడే ఈ అవస్థ చూడలేకే ఆసు యంత్రం తయారుచేశారు, దానికి ఆమె పేరే పెట్టారు, 2017లో ఆయనకు పద్మశ్రీ ఇచ్చారు. ఇప్పుడు చాలా ఇళ్ళలో ఆ మెషినే తిరుగుతుంటుంది. చేత్తో పోసే ఆసు ఇంకా ఎవరింట్లోనైనా కనిపిస్తే ఐదు నిమిషాలు ఊరికే నిలబడి చూడండి, బేరమాడాలనే ఆలోచన దానంతటదే పోతుంది.

ఆ తర్వాత చిటికి కట్టడం చూడాలి. ఆసు మీద నుంచి తీసిన దారాన్ని చట్రానికి బిగించి, గ్రాఫ్ కాగితం మీది డిజైన్ ప్రకారం గుర్తులు పెట్టి, రంగు పడకూడని చోటల్లా రబ్బరు ముక్కతో గట్టిగా చుడతారు. ఆ రబ్బరు ఏమిటనుకున్నారు, పాత సైకిల్ ట్యూబు కోసిన బద్దీలు! లేత రంగు ముందు, ముదురు రంగు తర్వాత, ప్రతి రంగుకీ విప్పడం, మళ్ళీ కట్టడం. నేసేటప్పుడు ఈ దారాలన్నీ సరిగ్గా తమ తమ చోట్లలో పడితేనే పువ్వు పువ్వులా కనిపిస్తుంది. ఒక నేతన్న పేక దారాన్ని, అంటే అడ్డం దారాన్ని, గోటితో కొంచెం పక్కకు జరిపి "గింత జరిగినా చిలక ముక్కు వంకర పోతది సార్" అన్నాడు. జరిపింది వెంట్రుకంత కూడా ఉండదు. పడుగు (నిలువు దారం), పేక రెండూ ఇలా చిటికి కట్టి నేస్తే అది డబుల్ ఇకత్. దాని ధర వినగానే ముఖం చిట్లించకుండా ఉండాలంటే ఇదంతా ముందు చూసి ఉండాలి, అందుకే షాపుకు చివర్లో వెళ్ళమంటాను.

చూసేటప్పుడు కొన్ని పద్ధతులు పాటించాలి. పడుగు మీద చెయ్యి పెట్టకండి, పిల్లల్ని అసలే పెట్టనివ్వకండి, చేతుల జిడ్డు అంటుకుంటే ఆ మచ్చ చీరతోనే ఉంటుంది. ఫొటోకు అడగండి. ఇంకా మగ్గం మీదున్న డిజైన్‌ను ఇన్‌స్టాలో పెట్టేయకండి, అది వాళ్ళ తిండి, ఎక్కడో ప్రింటు వేసేవాడు దాన్ని దించేస్తాడు, ఇక్కడ చీర మగ్గం దిగేలోపే అక్కడ దాని నకలు సూరత్ చీరై బజార్లో వేలాడుతుంది. అరగంట వాళ్ళ పని ఆపించి, అన్నీ అడిగి, చాయ్ తాగి, "మళ్ళొస్తాం అన్నా" అని ఖాళీ చేతులతో లేచి రావడం మాత్రం చెయ్యకండి. చీర కొనమని కాదు, రుమాలు కొన్నా చాలు.

అసలైనదేదో, ప్రింటేదో గుర్తుపట్టడం పెద్ద విద్యేమీ కాదు. వెనక్కి తిప్పి చూడండి, ఇకత్‌లో రెండువైపులా రంగు ఒకేలా ఉంటుంది, ప్రింటులో వెనకవైపు పాలిపోయి ఉంటుంది. డిజైన్ అంచులు చూడండి, గీత గీసినట్టు పదునుగా ఉంటే అనుమానించాలి, చిటికి కట్టిన దారంలో రంగు కొద్దిగా పాకుతుంది కాబట్టి అంచులు కాస్త చెదిరినట్టే ఉంటాయి. అప్పటికీ నమ్మకం కుదరకపోతే కొంగు చివర వేలాడే దారం ఒకటి లాగి చూడండి, ఆ ఒక్క పోగులోనే రెండుమూడు రంగులు మారుతుంటే అది ఇకతే. నిలువు దారంలో కనిపించకపోతే అడ్డం దారం ఒకటి చూడండి, చిటికి ఒక్కదానికే కట్టి ఉండొచ్చు. ఇంకో సంగతి, చేనేత గుడ్డకు రెండు అంచుల వెంబడి సన్నటి సూదిపోట్లు ఉంటాయి, నేసేటప్పుడు గుడ్డ ముడుచుకోకుండా పెట్టే పుల్ల గుర్తులవి. హ్యాండ్లూమ్ మార్క్ లేబుల్, పట్టయితే సిల్క్ మార్క్ అడగడంలో మొహమాటం అక్కర్లేదు.

పుట్టపాక రెండో ట్రిప్‌కు ఉంచుకోండి. అక్కడి తేలియా రుమాలుకు 2020లో జీఐ వచ్చింది. దారాన్ని నూనెలో, ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్ళలో రోజుల తరబడి నానబెట్టి, పిసికి, ఎండబెట్టి, మళ్ళీ నానబెట్టి తయారుచేస్తారు, ఎరుపు, నలుపు, తెలుపు రంగుల్లో లెక్క తప్పని గళ్ళు. కొత్తదాన్ని ముక్కు దగ్గర పెట్టుకుంటే నూనె వాసన వస్తుంది. అది లోపం కాదు, షాపువాణ్ణి కోప్పడకండి. ఈ ఊరి గజం గోవర్ధన్‌కు 2011లో, గజం అంజయ్యకు 2013లో పద్మశ్రీలు వచ్చాయి. ఒక్క చిన్న ఊరికి ఇన్ని పద్మశ్రీలంటే మామూలు విషయమా!

పాలమూరు వాళ్ళకు దారి వేరు. మహబూబ్‌నగర్‌లో కర్నూలు వైపు వెళ్ళే రైలెక్కితే గద్వాలలో దిగొచ్చు, కిటికీ పక్కన సీటు దొరికితే కృష్ణ దాటడం అదనపు లాభం. గద్వాల చీర ప్రత్యేకత ఏమిటంటే ఒళ్ళంతా కాటన్, అంచూ కొంగూ పట్టు. రెండు వేర్వేరు రకాల దారాలను మధ్యలో ఎలా కలిపారన్నదే చూడాల్సింది. అంచు కలిసేచోట చీర వెనకవైపు వేలితో తడిమి చూడండి, అతుకు పెట్టి కుట్టింది కాదు, నేతలోనే ఒక్కో వరసలో ఒళ్ళు దారం అంచు దారంతో మెలికపడి వస్తుంది. దీన్ని కుప్పడం అంటారు. మగ్గం దగ్గర ఇది జరుగుతుంటే చూడగలిగితే అదృష్టమే, పక్కన ఇంకో మనిషి కూర్చుని సాయం పడుతుంటారు. చూశాక కోటలోని చెన్నకేశవస్వామి గుడికి వెళ్ళి రండి, సాయంత్రం రైలుకు అందుకోవచ్చు.

నారాయణపేట చీర వీటన్నిటికంటే రోజువారీ వాడకానికి దగ్గరది, గళ్ళ ఒళ్ళు, వేరే రంగు అంచు, ధరా అందుబాటులో ఉంటుంది. అక్కడ పడుగు ఒకేసారి ఎనిమిది చీరలకు సరిపడా ఎక్కిస్తారు, అందుకే ఒకే పడుగు చీరల్లో మీకు నచ్చిన రంగు అయిపోయిందంటే నిజంగానే అయిపోయిందని అర్థం. టీచర్లకు, బ్యాంకుల్లో చేసేవాళ్ళకు నేను మొదట చెప్పేది ఇదే, వారంలో ఒకరోజు నారాయణపేట కాటన్ కట్టుకోండి, ఇస్త్రీ కొంచెం పని, అంతే.

అటు వెళ్ళినప్పుడు గొంగడి గురించి అడగకుండా రాకండి. మన దక్కన్ నల్ల గొర్రెల బొచ్చుతో కురుమలు నేసే గొంగడికి చింతగింజల గంజి పెడతారు, దాంతో అది గట్టిపడి చిన్న జల్లును ఆపుతుంది. కొత్తలో గుచ్చుకుంటుంది, ఆ మాట ముందే చెబుతున్నా. కింద పరుచుకోవడానికి వాడుతూ పోండి, పైన పల్చటి దుప్పటి వేసుకోండి, కొన్నాళ్ళకు మెత్తబడుతుంది. ఉతకడం అనే ఆలోచనే వద్దు, ఎండలో వేసి దులిపితే చాలు.

ఏమీ కొనని ట్రిప్పులు కూడా పెట్టుకోవాలి, లేకపోతే ప్రతి అవుటింగూ షాపింగే అవుతుంది. నల్లగొండ పక్కనే పానగల్లు ఉంది కదా, ఛాయా సోమేశ్వరాలయంలో లింగం మీద పగలంతా పడే ఆ స్తంభం నీడను చూసి అందరూ ఆశ్చర్యపోయి, సెల్ఫీ దిగి వచ్చేస్తారు. మీరు ఒక నోట్‌బుక్, పెన్సిల్ తీసుకుని పచ్చల సోమేశ్వరాలయానికి వెళ్ళండి. అక్కడి స్తంభాల మీద చెక్కిన లతలు, ముగ్గుల్లాంటి గళ్ళు చూస్తూ ఏదో ఒక చిన్న ముక్కను కాగితం మీద గీయడానికి ప్రయత్నించండి. డ్రాయింగ్ రాకపోయినా పర్లేదు, ఎవరూ మార్కులు వెయ్యరు. గీస్తేనే తెలుస్తుంది ఆ లత ఎక్కడ మొదలై ఎక్కడ తిరిగిందో. అదే ముక్కను సంక్రాంతికి వాకిట్లో ముగ్గుగా వెయ్యొచ్చు, దిండు గలీబు మీద కుట్టొచ్చు. పాలమూరు వాళ్ళకు పిల్లలమర్రి ఉంది, ఏడువందల ఏళ్ళ చెట్టు అంటారు, 2018లో చెద పడితే మనుషులకు సెలైన్ పెట్టినట్టు సీసాలు వేలాడదీసి మందు ఎక్కించారు. చెట్టు దగ్గరికి ఎంతవరకు వెళ్ళనిస్తున్నారో బయల్దేరే ముందు కనుక్కోండి. కాస్త దూరం పోయే ఓపిక ఉంటే అలంపురం నవబ్రహ్మ ఆలయాల కిటికీలు, అంటే రాతిలో తొలిచిన ఆ జాలీలు, గీయడానికి అంతకంటే మంచి పాఠం లేదు.

ఇక ఇంట్లో చేసుకునేది. ఆన్‌లైన్‌లో దొరికే క్రాఫ్ట్ కిట్లు నాకు నచ్చవు, డబ్బా తెరిస్తే సగం ప్లాస్టిక్, సగం జిగురు. దానికి బదులు ఉల్లిపొట్టుతో చిటికి రుమాళ్ళు చెయ్యండి, పిల్లలు ఎగబడతారు. తెల్ల కాటన్ చేతిరుమాళ్ళు నాలుగు కొని, వేడి సబ్బునీళ్ళలో ఉతికి గంజి మొత్తం పోగొట్టండి, గంజి ఉన్నచోట రంగు పట్టదు. కూరగాయల బండి అతన్ని అడిగితే ఉల్లిపొట్టు సంచెడు ఊరికే ఇస్తాడు, ఎర్ర ఉల్లిది అయితే మంచిది. మూడు చెంచాల పటిక పొడిని వేడినీళ్ళలో కరిగించి రుమాళ్ళను గంటసేపు నానబెట్టి పిండండి. రంగు ఇంకా గట్టిగా పట్టాలనుకుంటే పటిక కంటే ముందు కరక్కాయ పొడి కలిపిన నీళ్ళలో నానబెట్టుకోవచ్చు, కాకపోతే తెల్లచుక్కలు తెల్లగా రావు, మీగడ రంగులో వస్తాయి.

తడి మీదే కట్టాలి. రుమాలు మధ్యలో చింతగింజ పెట్టి, గుడ్డను దాని చుట్టూ బిగించి, కింద దారంతో గట్టిగా చుడితే గుండ్రటి చుక్క వస్తుంది. రుమాలును విసనకర్ర మడతలాగా పొడుగ్గా మడిచి అక్కడక్కడా కడితే చారలు వస్తాయి. సైకిల్ షాపులో పాత ట్యూబు ముక్క అడిగి సన్నగా బద్దీలు కోసుకుంటే దారం కంటే బాగా బిగుస్తుంది. కట్టు వదులైతే రంగు లోపలికి జొరబడుతుంది, అందుకని పిల్లలు కట్టినవాటిని ఒకసారి మీరు లాగి చూడండి. పాత స్టీలు గిన్నెలో ఉల్లిపొట్టును అరగంట మరిగించి వడకట్టి, ఆ నీళ్ళలో రుమాళ్ళు వేసి సన్నమంట మీద నలభై నిమిషాలు ఉంచి, దించి, అందులోనే రాత్రంతా వదిలెయ్యండి. ఇనుప మూకుడు వాడితే రంగు నల్లబడుతుంది, కావాలని అలా చేస్తే అదీ ఒక రంగే. పొద్దున చల్లటి నీళ్ళలో కడిగి, నీడలో ఆరాక కట్లు విప్పండి. విప్పేటప్పుడు కత్తెర తొందరపడితే రుమాలుకే చిల్లు, జాగ్రత్త. ఇటుక రంగుకూ బంగారు రంగుకూ మధ్యలో ఏదో ఒకటి వస్తుంది, ఏదొస్తుందో ముందే చెప్పలేం. ఫిబ్రవరి, మార్చిలో అయితే ఊరి బయట మోదుగ పూలు రాలి ఉంటాయి, అవి మరిగిస్తే పసుపుపచ్చ.

మనం ఇక్కడ నేసిన గుడ్డను కట్టి రంగు వేశాం. పోచంపల్లిలో నేయకముందే దారాన్ని కడతారు. నాలుగు చుక్కల రుమాలు చేసిన పిల్లలకు ఆ తేడా చెప్పి ఆ తర్వాత అక్కడికి తీసుకెళ్తే వాళ్ళు అడిగే ప్రశ్నలు వేరుగా ఉంటాయి.

బతుకమ్మ రోజుల్లో వేరే క్రాఫ్ట్ క్లాసులు దండగ. పెద్దవాళ్ళు పేరుస్తుంటే పూలు అందించే పనితో సరిపెట్టకుండా ఒక చిన్న శిబ్బి మీరే తీసుకోండి. అడుగున గుమ్మడాకులు పరిచి, చుట్టూ తంగేడు వరస, మధ్యలో ఖాళీని కత్తిరించిన కాడలతో, ఆకులతో కూరాలి, ఈ కూరడమే అసలు పని, అది వదులైతే నాలుగో వరసకల్లా బతుకమ్మ ఒక పక్కకు ఒరుగుతుంది. గునుగు కాడలన్నీ ఒకే పొడుగు కత్తిరించి, గుప్పెడు గుప్పెడు దారంతో కట్టి, కొసలు రంగునీళ్ళలో ముంచి, ఆరాకే పేర్చాలి. తడి మీద పేరిస్తే పక్కనున్న తెల్ల గునుగుకు రంగు అంటుతుంది.

కొన్నవాటిని చూసుకోవడం గురించి రెండు ముక్కలు. కొత్త ఇకత్ దుప్పటిని మొదటి రెండుమూడుసార్లు విడిగా చన్నీళ్ళలో ఉతకండి, నీడలో తిరగేసి ఆరెయ్యండి. ఉప్పునీళ్ళలో నానబెడితే రంగు ఆగిపోతుందని అందరూ చెబుతారు, దాన్ని నమ్ముకుని తెల్లచొక్కాలతో కలిపి వెయ్యకండి. పట్టు అంచు చీరలను రెండుమూడు నెలలకొకసారి మడత మార్చండి, ఒకే మడత మీద ఏళ్ళ తరబడి ఉంటే జరీ అక్కడే తెగుతుంది. కొత్త రంజన్‌ను రాత్రంతా నీళ్ళతో నింపి ఉంచి, ఆ నీళ్ళు పారబోసి వాడుకోండి, మొదటి రెండు రోజులు మట్టివాసన ఎక్కువుంటుంది, తర్వాత తగ్గుతుంది.

వాడి వాడి పల్చబడిన కాటన్ చీరలు, దుప్పట్లు ఉంటే స్టీలు సామాన్ల వాళ్ళకు వెయ్యకండి, బొంత కుట్టండి. మూడు నాలుగు పొరలు నేల మీద ముడతల్లేకుండా పరిచి, మూలల్లో బరువులు పెట్టి, లావు నూలు దారంతో అంచుల నుంచి మొదలుపెట్టి చుట్టూ తిరుగుతూ లోపలికి రావాలి, మధ్యలో మొదలుపెడితే గుడ్డ ఉబ్బుతుంది. అన్నిటికంటే మంచి రంగున్న చీర పైపొరకు, చిరుగులున్నవి లోపలికి. ఒక్కరే కూర్చుంటే విసుగు, ఇద్దరు ముగ్గురు తలో వైపు పట్టుకుంటే మాటల్లో పడి తెలియకుండానే సగం అయిపోతుంది. ఎండాకాలం సెలవుల్లో మొదలుపెట్టి వానలు పడకముందే పూర్తి చెయ్యండి, నాలుగు పొరల బొంత ఉతికితే ఆరడానికి రెండు గట్టి ఎండలు కావాలి.